‘తింటే ఉబ్బరం’ అంటోంది మా అమ్మాయి

పాఠకుల ప్రశ్నలు – మానసిక వైద్యురాలి జవాబులు

ఈ సంచికలో శీర్షిక మొత్తాన్ని ఒకే జబ్బుకి ఇచ్చేస్తున్నాను. దాని పేరు అనొరెక్సియా నెర్వోసా, అంటే ఆకలేస్తున్నా తినడానికి భయపడి తిండి తగ్గించుకుంటూ పోయే మానసిక జబ్బు. ఆ పేరు పెట్టి రాసినవాళ్లు తక్కువ. మిగిలినవాళ్లు గ్యాస్ అనీ, మొండితనం అనీ, దిష్టి అనీ రాశారు. చదువుతూ పోతే అన్నీ ఒకచోటికే చేరాయి. ఒక్క విషయం ముందే చెప్పాలి. ఉత్తరాల్లో ఉన్న బరువులు, కేలరీలు, పూటకి ఎన్ని ఇడ్లీలు తింటున్నారన్న లెక్కలు అన్నీ తీసేశాను. ఈ జబ్బుతో ఉన్న పిల్ల ఈ పేజీ చదివితే అవతలి పిల్ల బరువు తనకి దాటాల్సిన ర్యాంకులా కనిపిస్తుంది. మన పిల్లలకి ర్యాంకుల పిచ్చి ఇప్పటికే చాలినంత ఉంది.

*ప్రశ్న: మా అమ్మాయికి 17 ఏళ్లు. విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ సెకండ్ ఇయర్ బైపీసీ చదువుతోంది. దసరా సెలవులకి ఇంటికి వస్తే గుండె గుభేలుమంది, అంత చిక్కిపోయింది. ‘తింటే ఉబ్బరం, గొంతు దాకా నిండిపోయినట్టుంది’ అంటుంది. ఎండోస్కోపీ చేయించాం, ఏమీ లేదన్నారు. థైరాయిడ్ బాగానే ఉంది. ఆకలి పుట్టడానికి సిరప్పు రాశారు, గుణం లేదు. నాలుగు నెలలుగా నెలసరి రావడం లేదు. ఫ్యాను వేస్తే చలి అంటుంది. చేతుల మీద సన్నటి నూగు వచ్చింది. శుక్రవారం, శనివారం ఉపవాసాలు కొత్తగా మొదలుపెట్టింది. విచిత్రం ఏమిటంటే, పొద్దస్తమానం ఫోనులో వంటల వీడియోలే చూస్తుంది. తమ్ముడికి తానే బొబ్బట్లు చేసి కొసరి కొసరి పెడుతుంది. తాను మాత్రం కాస్త చారన్నం కలుపుకుని దాన్నే కెలుకుతూ గంటసేపు కూర్చుంటుంది. మార్కులు ఏమాత్రం తగ్గలేదు. మా ఆడపడుచు ‘ఎంత నాజూగ్గా తయారైందో’ అని మెచ్చుకుంది. మావారు ఇదంతా పొగరంటున్నారు. లావైపోతానని అమ్మాయి ఒక్కసారీ అనలేదు. ఇది జబ్బేనా? నా పెంపకంలోనే లోపం ఉందా?*

*– ఒక తల్లి, తణుకు*

అమ్మా, మనిషిని చూడకుండా ఉత్తరం మీద రోగం ఖాయం చేయను. అయినా మీరు రాసినవన్నీ కలిపి చూస్తే నేను మొదట అనుమానించేది అనొరెక్సియా నెర్వోసానే. ఇంటర్ పరీక్షలయ్యాక చూద్దాం అనుకోకండి, ఈ వారంలోనే డాక్టరుకి చూపించండి. మానసిక జబ్బుల్లో ప్రాణాలు ఎక్కువగా తీసేవాటిలో ఇదొకటి. పస్తులకి గుండె తట్టుకోలేక కొందరు, ఆత్మహత్య చేసుకుని కొందరు పోతారు. మీ అమ్మాయి విషయంలో అంతదాకా వెళ్లిందని అనడం లేదు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత బాగా నయమవుతుందని చెప్పడానికే ఈ మాట.

మొదటి పని గుండె సంగతి చూడటం. పడుకోబెట్టి నాడి, బీపీ చూడాలి. లేచి నిలబడ్డాక రెండూ మళ్లీ చూడాలి. ఈసీజీ తీయాలి. రక్తంలో చక్కెర, పొటాషియం, ఫాస్ఫేట్, మెగ్నీషియం ఎలా ఉన్నాయో చూడాలి. పగలు మెలకువగా ఉన్నప్పుడు నాడి నిమిషానికి 50 కన్నా తగ్గినా, నిలబడితే కళ్లు తిరిగి పడిపోతున్నా, ఛాతీలో నొప్పి వస్తున్నా, పాదాలు వాస్తున్నా, మంచినీళ్లు కూడా వద్దంటున్నా, చచ్చిపోతే బాగుండునని మాట్లాడినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. రక్త పరీక్షలు బాగున్నాయని ఎవరైనా ధైర్యం చెబితే అక్కడితో ఊరుకోకండి. శరీరం చాలాకాలం సర్దుకుంటూ వస్తుంది. రిపోర్టులో అన్నీ సవ్యంగా ఉన్న పిల్లలు కూడా ప్రమాదం అంచున ఉండవచ్చు.

ఇక ఉబ్బరం. అది అబద్ధం కాదు, వంకా కాదు. వారాల తరబడి తిండి తగ్గిస్తే జీర్ణాశయం ఖాళీ కావడం నెమ్మదిస్తుంది. నాలుగు ముద్దలకే పొట్ట బిగిసిపోతుంది. ఎండోస్కోపీలో పుండో వాపో ఉంటే కనిపిస్తుంది గానీ ఈ మందగమనం కనిపించదు. మళ్లీ క్రమంగా తినడం మొదలుపెడితే కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. తినడం వల్ల వచ్చిన బాధ అని పిల్ల అనుకుంటుంది, తినకపోవడం వల్ల వచ్చిన బాధ అది. ఆకలి సిరప్పు పని చేయకపోవడంలో వింత లేదు. ఆమెకి ఆకలి లేక కాదు. ఆకలేస్తున్నా తినడానికి భయం. సిరప్పు పోయడం తాళం వేసిన తలుపుకి రంగు వేయడం లాంటిది.

లావవుతానని ఆమె అనలేదు కాబట్టి ఇది ఆ జబ్బు కాదేమోనని మీరు ఆశపడుతున్నారు. ఆ ఆశ నాకు అర్థమవుతుంది, కానీ దాని మీద ఆధారపడలేం. 1990ల్లో హాంకాంగ్‌లో సింగ్ లీ అనే మానసిక వైద్యుడు తన రోగులను పరిశీలించి, వాళ్లలో చాలామంది లావు మాటే ఎత్తకుండా పొట్ట ఉబ్బరం, తినబుద్ధి కాకపోవడం మాత్రమే చెబుతున్నారని రాశాడు. మన దగ్గరా అంతే. అందుకే ఈ పిల్లలు నా దగ్గరికి వచ్చేసరికి గ్యాస్ డాక్టరు, థైరాయిడ్ డాక్టరు, గైనకాలజిస్టు అందరూ అయిపోయి ఉంటారు. గైనకాలజిస్టు మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెబుతాను. నెలసరి రప్పించడానికి హార్మోను మాత్రలు ఇస్తే నెలనెలా రక్తస్రావం అవుతుంది గానీ జబ్బు అలాగే ఉంటుంది. ఎముకలు గట్టిపడాల్సిన ఈ వయసులో అవి గుల్లబారడం ఆగదు. ఇంట్లోవాళ్లేమో అంతా బాగైపోయిందనుకుని ఊరుకుంటారు. ఒంటికి చాలినంత తిండి అందితే, కొన్ని నెలలు పట్టినా నెలసరి దానంతట అదే వస్తుంది.

ఈ తర్వాతి పేరా మీవారి చేత చదివించండి. 1944 చివర్లో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త 36 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఎంచుకున్నాడు. యుద్ధంలో ఆయుధం పట్టబోమన్న వాళ్లు, ప్రయోగానికి తామై ఒప్పుకున్నవాళ్లు. వాళ్లకి ఆరు నెలలపాటు సగం తిండే పెట్టారు. ఏమైంది? చలి పట్టుకుంది. నాడి నెమ్మదించింది. చిరాకు, దిగులు, నలుగురిలో కలవలేకపోవడం వచ్చాయి. రోజంతా తిండి గురించే ఆలోచన. కొందరు వంటల పుస్తకాలు పోగు చేసుకున్నారు. కాస్త అన్నాన్ని గంటల తరబడి సాగదీసి, కలిపి, నీళ్లు పోసుకుని తిన్నారు. అంతకుముందు వాళ్లలో చాలామందికి వంటల మీద పెద్దగా ఆసక్తి లేదు. మీ అమ్మాయి బొబ్బట్లు చేయడం, చారన్నం కెలకడం, వీడియోలు చూడటం ఇదే. అది పొగరైతే ఆ 36 మందికీ ఒకేసారి పొగరు పట్టిందనుకోవాలి. తేడా ఒక్కటే ఉంది. ఆ యువకులు ఎప్పుడెప్పుడు తిందామా అని ఎదురుచూశారు, ఈ పిల్లకి తినడమంటే భయం.

ఆ భయం ఎక్కడి నుంచి వచ్చింది, మీ పెంపకం వల్లనా అని అడిగారు. కాదు. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనల్లో దీనికి వంశపారంపర్యం గట్టిగానే ఉందని తేలింది. 2019లో దాదాపు 17 వేల మంది రోగుల జన్యువులను పరిశీలించినప్పుడు ఈ జబ్బుతో ముడిపడిన ఎనిమిది చోట్లు దొరికాయి. ఈ జబ్బు జన్యువులకి మనసుకి సంబంధించిన జబ్బులతోనే కాదు, ఒంట్లో కొవ్వు, చక్కెరల వాడకంతోనూ సంబంధం కనిపించింది. ఆ ధోరణి ఉన్న పిల్ల ఏదో కారణంగా తిండి తగ్గిస్తుంది. పరీక్షల ఒత్తిడి కావచ్చు, హాస్టల్ మెస్సు సాంబారు నచ్చక కావచ్చు, ఎవరో వేళాకోళం చేయడం కావచ్చు, జ్వరం కూడా కావచ్చు. బరువు తగ్గాక పస్తే ఆమెని పట్టుకుంటుంది. ఈ జబ్బుకి అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు పెట్టింది 1870ల్లో లండన్ వైద్యుడు విలియం గల్. అలాంటి రోగులకి బంధువులే అందరికన్నా పనికిరాని సేవకులని ఆయన తేల్చేశాడు. వందేళ్లకు పైగా వైద్యులు అదే పాట పాడి, తల్లుల్ని దోషుల్లా బయట కూర్చోబెట్టారు. 1980ల్లో అదే లండన్‌లోని మాడ్స్‌లీ ఆసుపత్రి బృందం దీన్ని తిరగేసింది: పిల్ల తినలేకపోతోంది కాబట్టి తల్లిదండ్రులే తినిపించాలి, వైద్యులు వాళ్లకి అండగా నిలబడాలి అన్నారు. 18 ఏళ్లలోపు మొదలై, మూడేళ్లు దాటని జబ్బుకి, విడిగా పిల్లతో మాత్రమే చేసిన కౌన్సెలింగ్ కన్నా కుటుంబంతో చేసిన చికిత్స మెరుగని 1987లో వాళ్లు ప్రచురించారు. ఇప్పుడు ఆ వయసు పిల్లలకి ప్రపంచమంతటా మొదట చెప్పేది అదే.

అంటే ఇంట్లో ఏం చేయాలి? ముందు ఒక హెచ్చరిక. చాలా రోజులుగా దాదాపు ఏమీ తినని పిల్లకి ఒక్కసారిగా కడుపు నిండా పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేట్ ఉన్నట్టుండి పడిపోయి గుండెకే ముప్పు వస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నిర్బంధ శిబిరాల నుంచి విడిపించిన వాళ్లలో కొందరు తిండి దొరికాక ఇలాగే చనిపోయారు. కాబట్టి ఎంతతో మొదలుపెట్టాలి, ఎన్ని రోజుల్లో పెంచాలి అన్నది డాక్టరు రక్త పరీక్షలు చూసుకుంటూ చెప్పాలి.

ఆ తర్వాత పళ్లెం మీ చేతిలోకి తీసుకోండి. ఏం వండాలి, ఎంత వడ్డించాలి అన్నది మీరూ మీవారూ నిర్ణయించాలి. ఆమె వంటింట్లోకి రాకపోవడమే మేలు. మూడు పూటలా భోజనం, మధ్యలో చిరుతిండి, అన్నీ వేళకి. ముద్దపప్పు, నెయ్యి, వేపుడు, గడ్డపెరుగు, మీ ఇంట్లో అందరూ తినేదే పెట్టండి. ఎదురుగా కూర్చుని మీరూ తినండి. మొదటి ముద్ద దగ్గరే చేయి ఆగుతుంది. నెయ్యి తగలని మెతుకులు వెతికి పళ్లెం అంచుకి తోస్తుంది. ‘ఇందులో నూనె ఎంత పోశావు?’ అని అడుగుతుంది. లెక్క చెప్పకండి, వాదించకండి, తిట్టకండి, ‘నా కోసం ఒక్క ముద్ద’ అని బతిమాలకండి. ‘ఇది నీకు ఎంత కష్టమో నాకు కనిపిస్తోంది. ఇది మందు. తినేదాకా నేనిక్కడే ఉంటాను’ అనండి. అదే మాట, అదే గొంతుతో, ఎన్నిసార్లయినా. ఆమె ఏడుస్తుంది, పళ్లెం తోసేస్తుంది, ఇన్నేళ్లలో ఎన్నడూ అనని మాటలంటుంది. అంటున్నది మీ పిల్ల గొంతే గానీ మాట్లాడిస్తున్నది భయం. మళ్లీ వడ్డించండి. తిన్నాక ఓ గంటసేపు పక్కనే ఉండండి, అష్టాచెమ్మా ఆడండి, సీరియల్ చూడండి, తిండి ఊసు మాత్రం ఎత్తకండి. ఇదంతా ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మీవారు పొగరు అనడం ఆపి పగటి పూటల్లో ఒకటి తన భుజాన వేసుకోవాలి. అమ్మ కఠినంగా ఉంటే నాన్న వెనకేసుకొచ్చే ఇళ్లలో జబ్బు హాయిగా ఉంటుంది.

మీ అమ్మాయికి ఇంకా 18 నిండలేదు కాబట్టి ఆమె ‘సరే’ అనేదాకా ఆగనక్కర్లేదు, చికిత్స నిర్ణయం మీదే. ‘నాకేం జబ్బు లేదు’ అనడం ఈ జబ్బు లక్షణాల్లో ఒకటి.

ఉపవాసాల సంగతి. భక్తిని కాదనను. కానీ పిల్లలకి, వృద్ధులకి, రోగులకి ఉపవాస నియమం లేదని మన పెద్దలే చెప్పారు. గుడి పూజారి గారి చేత ఆ మాట చెప్పించండి, ఆ కష్టం నాకు తప్పుతుంది. నాజూగ్గా ఉందని మెచ్చుకోవద్దని మీ ఆడపడుచు గారికి మాత్రం మీరే చెప్పాలి.

హాస్టల్‌కి ఇప్పుడు పంపకండి. అక్కడ ఆమె పళ్లెం చూసే మనిషి లేరు. మార్కులు తగ్గలేదు కదా అంటారేమో, ఈ జబ్బున్న పిల్లలు చివరిదాకా చదువుతూనే ఉంటారు, మార్కుల్ని ఆరోగ్యానికి కొలతగా తీసుకోకండి. బరువు కోలుకునేదాకా లోతైన కౌన్సెలింగ్ కూడా పెద్దగా ఎక్కదు. పస్తులున్న మెదడు వినే స్థితిలో ఉండదు. దీన్ని నయం చేసే మాత్ర ఇంతవరకు లేదు. దిగులుకో, మరీ ఎక్కువైన ఆందోళనకో మందు అవసరమైతే డాక్టరు రాస్తారు, అంతవరకే.

ఎక్కడికి వెళ్లాలని అడగలేదు గానీ చెబుతాను. మీకు కాకినాడ దగ్గర. అక్కడి ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం, జనరల్ మెడిసిన్ రెండూ ఒకే ఆవరణలో ఉన్నాయి; ఈ జబ్బుకి రెండూ కావాలి. మంగళగిరి ఎయిమ్స్‌లోనూ అంతే. అక్కడ కుదరకపోతే బెంగళూరులో నిమ్హాన్స్ అనే మానసిక వైద్య సంస్థ ఉంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ‘ఈ జబ్బుకి మీరు వైద్యం చేశారా? శరీరం సంగతి ఎవరు చూస్తారు?’ అని అడగండి. అడిగితే కోప్పడే డాక్టరైతే వేరే డాక్టరుని చూసుకోండి.

*ప్రశ్న: మా మనవరాలు తిండి మానేసింది. దిష్టి తీశాం, తాయెత్తు కట్టించాం. పట్నం డాక్టరు ఏదో మనసు జబ్బు అంటున్నాడు. మా కాలంలో ఇలాంటివి లేవు. టీవీలు, ఫోన్లు వచ్చాకే కదా ఈ రోగాలు?*

*– ఒక నాయనమ్మ, కరీంనగర్*

పెద్దమ్మగారూ, మీ అనుమానంలో కొంత నిజముంది. ఫిజీ దీవుల్లో నద్రోగా అనే ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. ఒళ్లు నిండుగా ఉంటేనే అందమనుకునే ఊళ్లవి. మూడేళ్ల తర్వాత హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ బృందం వెళ్లి చూస్తే, బడి పిల్లల్లో సన్నబడాలన్న తపన, దానికోసం ఒంటిని హింసించుకోవడం కొత్తగా కనిపించాయి. కానీ జబ్బు టీవీతో పుట్టలేదు. 1689లోనే ఇంగ్లండు వైద్యుడు రిచర్డ్ మార్టన్ ఇలాంటి ఇద్దరి గురించి రాశాడు. ఒక అమ్మాయి చర్మం కప్పిన ఎముకల గూడులా ఉందనీ, రాత్రింబవళ్లు పుస్తకాలే చదివేదనీ, మందు వద్దనేసి కొన్ని నెలల్లో కన్నుమూసిందనీ ఉంది. అప్పుడు టీవీ లేదు.

దిష్టి తీయడం వల్ల నష్టమేమీ లేదు, తీయండి. తీశాక కారెక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

*ప్రశ్న: మా తమ్ముడికి 19 ఏళ్లు. ఆర్మీ రిక్రూట్‌మెంట్ ర్యాలీ కోసం ఏడాదిగా రోజూ రెండు పూటలా పరుగెత్తుతున్నాడు. చిన్నప్పుడు బొద్దుగా ఉండేవాడు, బళ్లో బోండా అని ఏడిపించేవారు. ఇప్పుడు అన్నం, నూనె, చివరికి అరటిపండు కూడా ముట్టడు. జ్వరం వచ్చినా పరుగు మానడు. ఒకరోజు గ్రౌండ్‌లో పడిపోయాడు. ఇది ఆడపిల్లల జబ్బని విన్నాను. వాడు మరీ ఎముకల గూడులా కూడా లేడు. మా అమ్మ మాత్రం ‘క్రమశిక్షణ గల పిల్లాడు’ అని మురిసిపోతోంది.*

*– ఒక అన్న, విజయనగరం జిల్లా*

ఉత్తరాంధ్రలో ప్రతి ఊరి మైదానంలోనూ తెల్లవారకముందే పరుగెత్తే కుర్రాళ్లుంటారు. వాళ్లందరికీ జబ్బుందని నేననను. ర్యాలీ కోసం పరుగెత్తేవాడు జ్వరం వస్తే పడుకుంటాడు, బాగా పరుగెత్తాలని రెండు ముద్దలు ఎక్కువే తింటాడు. మీ తమ్ముడు తిన్నదాన్ని కరిగించుకోవడానికి పరుగెత్తుతున్నాడు. తేడా అక్కడుంది.

పై జవాబులో చెప్పిన మార్టన్ రాసిన ఇద్దరిలో రెండోవాడు 16 ఏళ్ల అబ్బాయే. మగపిల్లలకి తక్కువగా వస్తుంది గానీ రాకుండా పోదు. వాళ్లని ఎవరూ అనుమానించరు కాబట్టి ఆలస్యంగా బయటపడుతుంది. ఎముకల గూడులా లేడన్నారు. బొద్దుగా ఉండే మనిషి తక్కువ కాలంలో ఎక్కువ బరువు కోల్పోతే, చూడటానికి మామూలుగా ఉన్నా, బాగా చిక్కిపోయినవాళ్ల గుండెలాగే అతని గుండే దెబ్బతింటుంది. ఎంత ఉన్నాడన్నది ఒక్కటే కాదు, ఎంత వేగంగా తగ్గాడన్నదీ చూడాలి. గ్రౌండ్‌లో పడిపోయాడన్న మాట నాకు నచ్చలేదు. ఈసీజీ తీసి, పొటాషియం చూసేదాకా ఒక్క అడుగు కూడా పరుగెత్తనివ్వకండి. వాడు ఒప్పుకోకపోతే ర్యాలీ పేరే చెప్పండి. వైద్య పరీక్షలో నాడి, బీపీ వాళ్లూ చూస్తారు కదా. ఇక మీ అమ్మగారి మురిపెం. మార్టన్ తాను చూసిన ఆ 16 ఏళ్ల అబ్బాయికి చదువు కొన్నాళ్లు వదిలేసి పల్లెకి వెళ్లి పాలు ఎక్కువగా తాగమని చెబితే చాలావరకు కోలుకున్నాడట. మూడు వందల ఏళ్ల కిందటి వైద్యుడికే తెలిసింది, క్రమశిక్షణని కొన్నాళ్లు పక్కన పెట్టవచ్చని.

*ప్రశ్న: నాకు 20 ఏళ్లు. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్నాను. తినే ప్రతిదానికీ లెక్క రాసుకుంటాను. లెక్క దాటితే రాత్రి నిద్ర పట్టదు. స్నేహితుల పుట్టినరోజులకి వెళ్లడం మానేశాను, కేకు తినాల్సి వస్తుందని. కానీ నాది నిజమైన జబ్బు కాదేమో, నాకన్నా సన్నగా ఉన్నవాళ్లు చాలామంది ఉన్నారు. డాక్టరు దగ్గరికి వెళితే ‘నీకేమైంది, బాగానే ఉన్నావు’ అంటారని భయం. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించి పెళ్లి చేసేస్తారు.*

*– పేరు రాయవద్దు*

నువ్వు అనే పిలుస్తాను, నా వయసుకి ఆ చనువు ఉంది. నీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఒక్కటే: నాకన్నా సన్నగా ఉన్నవాళ్లు ఉన్నారన్నది. ఆసుపత్రి మంచం మీద సెలైన్ ఎక్కించుకుంటూ కూడా ఆ మాటే అన్న పిల్లలను చూశాను. ‘నాకింకా అంత జబ్బు లేదు’ అనిపించడం ఇందులో ఆఖరిదాకా ఉంటుంది. అది పోయాక వైద్యానికి వెళ్దామనుకుంటే ఎప్పటికీ వెళ్లవు. కేకు భయంతో స్నేహితుల్ని వదులుకున్నావంటే జబ్బు ఆ పాటికే నీ దగ్గర చాలా లాక్కుంది. వైద్యం అడగడానికి అది చాలు.

నీకు 18 దాటాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం నీ వైద్యం వివరాలు గోప్యంగా ఉంచడం డాక్టరు బాధ్యత. ప్రాణాపాయం వంటి పరిస్థితిలో తప్ప నీకు చెప్పకుండా ఇంటికి ఫోన్ చేయరు. అదే చట్టం, శరీర రోగాలకి ఇచ్చినట్టే మానసిక రోగాలకీ బీమా ఇవ్వాలంటుంది. మీ నాన్నగారి పాలసీ ఉంటే ఆ సంగతి తర్వాత ఎప్పుడైనా ఉపయోగపడుతుంది.

ఈ రాత్రికే ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మాటలు రావనుకుంటే కాగితం మీద రాసుకెళ్లు: ‘తిండి గురించి రోజంతా ఆలోచిస్తున్నాను. తినాలంటే భయమేస్తోంది. నెలసరి ఇలా ఉంది. కళ్లు తిరుగుతున్నాయా లేదా. చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా లేదా.’ ఈ ఐదు మాటలు చాలు. బరువు చూసి ‘బాగానే ఉన్నావు’ అని పంపేస్తే ఆయనకి ఈ జబ్బు సంగతి తెలియదని అర్థం. దురదృష్టం, అలాంటివాళ్లున్నారు. రెండో డాక్టరు దగ్గరికి వెళ్లు.

పెద్దవాళ్లలో ఈ జబ్బుకి ఎక్కువగా వాడేది ఒక రకం కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అంటే ఆలోచనల్ని, అలవాట్లని మార్చే మాటల చికిత్స. ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టోఫర్ ఫెయిర్‌బర్న్ రూపొందించినది. వారం వారం కూర్చుని, వేళకి తినడం నుంచి మొదలుపెట్టి, ఆ లెక్కల వెనకున్న భయం దాకా ఒక్కొక్కటే విప్పుతారు. నెలలు పడుతుంది. మధ్యలో వెనక్కి జారుతావు, దానికి గాభరా పడకు. ఫోనులో లెక్కలు రాసే యాప్ తీసేయమని ఇప్పుడే చెప్పను, ఒంటరిగా తీయలేవు. థెరపిస్టు ముందు కూర్చుని తీసెయ్. హాస్టల్లో ఒక్క స్నేహితురాలికి చెప్పు, మెస్సులో రోజూ ఒక పూట నీ పక్కన కూర్చోమని అడుగు. తిన్నావా లేదా అని అడగవద్దని కూడా చెప్పు. కూర్చుని తన క్లాసు కబుర్లు చెబితే చాలు.

ఇంట్లో విషయం తర్వాత చూద్దాం. చదువు మాన్పిస్తారన్న భయం నిజమే కావచ్చు. కొంచెం తేరుకున్నాక, డాక్టరు గదిలోనే, డాక్టరు నోటితోనే వాళ్లకి చెప్పించవచ్చు. పెళ్లి ఈ జబ్బుకి మందని ఎవరైనా అంటే ఈ పేజీ చూపించు.

*ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా 14 ఏళ్ల అమ్మాయికి అనొరెక్సియా అని తేల్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపి, కుటుంబ చికిత్స మొదలుపెట్టారు. ప్రతి పూటా మాలో ఒకరం పక్కన కూర్చోవాలట. ఇద్దరికీ ఉద్యోగాలు. ఇండియాకి తీసుకొచ్చి గుంటూరులో అమ్మమ్మ దగ్గర ఆరు నెలలు ఉంచితే, ఆవిడ చేతి వంట తిని కోలుకుంటుందా?*

*– ఒక తండ్రి, టెక్సాస్*

వద్దండి. మీకు దొరికింది ఈ వయసుకి ఉన్న చికిత్సల్లో మంచిది, పైగా మొదలైపోయింది. మొదటి కొద్ది వారాల్లో బరువు ఎంత పుంజుకుంటుందన్నదాన్ని బట్టే మున్ముందు ఎలా ఉంటుందో చాలావరకు తెలుస్తుంది. ఆ వారాలను విమానాల్లోనూ, కొత్త డాక్టర్ని వెతకడంలోనూ పోగొట్టుకోకండి. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం కింద, అర్హత ఉన్న ఉద్యోగులకి బిడ్డ తీవ్రమైన జబ్బు కోసం ఏడాదిలో 12 వారాల దాకా ఉద్యోగం పోకుండా సెలవు ఇస్తారు. జీతం రాదు. ఒకేసారి తీసుకోనక్కర్లేదు, ముక్కలుగానూ తీసుకోవచ్చు. ఇద్దరికీ అర్హత ఉంటే వంతులు వేసుకోండి. బడి మధ్యాహ్న భోజనం సంగతి స్కూలు నర్సుతో మాట్లాడండి.

అమ్మమ్మగారిని అక్కడికి రప్పించుకోండి, అది మంచి ఆలోచన. మధ్యాహ్నం పూట కూర్చోవడానికి ఆవిడకన్నా ఓపికగల మనిషి మీకు దొరకరు. పాపని చూసే డాక్టరుతో వీడియోలో ఒకసారి మాట్లాడించండి, తెలుగులో మీరే చెప్పండి. విమానం ఎక్కకముందే ఆవిడకి రెండు మాటలు గట్టిగా చెప్పాలి. ఎయిర్‌పోర్టులో మనవరాలిని చూడగానే ‘ఎంత చిక్కిపోయావే తల్లీ’ అనకూడదు. రెండు నెలలు పోయాక ‘ఇప్పుడు కాస్త ఒళ్లు చేశావు, బాగున్నావు’ అని అసలే అనకూడదు. ఆ రెండో మాట విని ఆ రోజు రాత్రి భోజనం మానేసిన పిల్లలు నాకు తెలుసు. జడ గురించో, బొమ్మలు గీయడం గురించో, ఇండియా నుంచి ఏం తెచ్చిందో మాట్లాడమనండి. అన్నట్టు సున్నుండలు తెస్తే డబ్బా పాప చేతికి ఇవ్వవద్దు. మీకివ్వమనండి, చిరుతిండి వేళకి పళ్లెంలో మీరే పెడతారు.